బాపు నంబరు మీది మనుషులు

రెండో వేవ్ వచ్చిన ఎండాకాలంలో, సాయంత్రమయ్యేసరికి మా ఇంటి గ్యాలరీ కింద మగవాళ్ళు గుంపుగా నిలబడేవాళ్ళు. ముఖాలకు మాస్కులు, భుజాల మీద తువ్వాళ్ళు, తల వెంట్రుకల్లో దారపు దుమ్ము. వాళ్ళు వచ్చేది నా కోసం. నలుగురిలో నోరు విప్పాలంటే అరచేతులు చెమటపట్టే నేను, మొదటి అంతస్తు నుంచి కిందికి వంగి, ఒక్కొక్కరి కరోనా రిపోర్టు చదివి చెప్పాలి. నా గొంతు సగం దూరం కూడా పోయేది కాదు.

"జర గట్టిగ జెప్పు బిడ్డా. సాంచెల కాడ చెడిపోయిన చెవులు మావి" అని కింది నుంచి చిన్నబాపు అరిచేవాడు.

మేం నాన్నను బాపు అంటాం. చిన్నబాపు అంటే బాపుకు చిన్నాయన కొడుకు. బాపు పనిచేసే కార్ఖానాలోనే, బాపు పక్క సాంచెల మీదే పని. మరమగ్గాలను మా వాళ్ళు సాంచెలంటారు. సూరత్‌లోని లింబాయత్‌లో మా గల్లీ వెనక గోడకు ఆనుకునే ఆ కార్ఖానా ఉంది. చిన్నబాపు భార్యాపిల్లలు తెలంగాణలో మా ఊళ్ళో ఉంటారు. తను కార్ఖానా మీది గదిలో మరికొందరితో కలిసి ఉండేవాడు. నెగెటివ్ వస్తే పాస్, పాజిటివ్ వస్తే ఫెయిల్ అని పేరు పెట్టింది ఆయనే. తన రిపోర్టు వచ్చిన ప్రతిసారీ చేతులు కట్టుకుని, బడిలో పిల్లవాడిలా నిలబడి, "నేను పాసా, మల్ల గదే క్లాసులనా?" అని అడిగేవాడు. పక్కింటి వాళ్ళు కూడా గ్యాలరీలోకొచ్చి నవ్వేవాళ్ళు. నాకు మాత్రం చెవులు ఎర్రబడేవి.

ఈ చదివి చెప్పే పని నాకు ఎవరూ అప్పగించలేదు, దానంతటదే వచ్చి పడింది. కార్ఖానా సేఠ్ ఒక ప్రైవేటు ల్యాబుతో మాట్లాడుకుని, రిపోర్టు లేనిదే సాంచెల దగ్గరికి ఎవరినీ రానివ్వనన్నాడు. రిపోర్టేమో ఫోనుకు వస్తుంది, అదీ ఇంగ్లీషులో. మొదటిసారి చిన్నబాపు తన పాత ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అందులో లింకు తెరుచుకోలేదు. మరుసటిసారి ల్యాబు కౌంటర్ దగ్గర తన నంబరుకు బదులు బాపు నంబరు చెప్పాడు. "మీ బిడ్డ సదివి చెప్తది గదా" అని పక్కనున్న బాపుతో అన్నాడు. అది విని అతని వెనకున్న వాడూ అదే నంబరు చెప్పాడు. అలా బాపు ఫోను వాళ్ళందరి ఫోను అయింది.

నేను సూరత్‌లోనే పుట్టాను. కార్పొరేషన్ వాళ్ళ తెలుగు బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత చదువు గుజరాతీలోకి, ఆపైన ఇంగ్లీషులోకి మారింది కానీ తెలుగు చదవడం మానలేదు. ఊరి నుంచి ఎవరు వస్తున్నా నా కోసం పుస్తకాలు తెమ్మని బాపు చెప్పేవాడు. ఏం పుస్తకాలు తేవాలని వాళ్ళడిగితే, "లావుగున్నయి తెండ్రి" అనేవాడు. అలా మా ఇంటికి పంచాంగాలు, హోమియోపతి వైద్యం, నవలలు అన్నీ వచ్చాయి, అన్నీ చదివాను. రోజూ పడుకునే ముందు డైరీలో ఒక పేజీ రాసుకునే అలవాటు కూడా ఆ పుస్తకాల వల్లే వచ్చింది. ఇంట్లో ఎవరూ దాన్ని తెరిచి చూడరు. అమ్మకు చదువు రాదు, బాపుకు ఓపిక లేదు.

రింగ్ రోడ్ దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరిన కొన్నాళ్ళకే లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసు వాళ్ళు లాప్‌టాప్ ఇచ్చి ఇంటికి పంపించారు. మాది ఒక గది, ఒక వంటిల్లు. అమ్మ బట్టల మార్కెట్ నుంచి వచ్చే చీరలకు వేలాడే దారాలు కత్తిరించి పంపేది. ఆ చీరల మూటే నా టేబుల్. మూట తిరిగి పోయేరోజు లాప్‌టాప్ ఇనుప పెట్టె మీదికి మారేది.

నా పని గురించి బాపు అడిగినప్పుడు నాకు తోచినట్టు చెప్పాను: ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో, దుకాణాల్లో మనుషుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి, అవి పోకుండా, ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా, అడిగినప్పుడు వెంటనే దొరికేలా చూడటం నా పని అని. బాపు, "అంటే గోదాం సూస్కునుడు" అన్నాడు. అప్పటి నుంచి కార్ఖానాలో అందరికీ మా బిడ్డ కంప్యూటర్ గోదాం చూసుకుంటదని చెప్పుకున్నాడు. నేను సరిదిద్దలేదు. ఆలోచిస్తే అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

పొద్దున్నే లేచి మొదట చూసేది, రాత్రి బ్యాకప్ పూర్తయిందా లేదా అని. తర్వాత డిస్కులో ఎంత చోటు మిగిలింది, డేటాను అడిగిన ఏ ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వస్తోంది. అన్నీ బాగుంటే ఎవరూ నన్ను పిలవరు. నాకు అదే బాగుండేది. నోరు తెరవకుండా రోజంతా ఉపయోగపడే ఉద్యోగం ఒకటి ఈ లోకంలో ఉందని, అది నాకే దొరికిందని డైరీలో రాసుకున్నాను.

నాకు పని నేర్పింది మా సీనియర్. ఆఫీసులో అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్ళు. నదికి అవతల అడాజన్‌లో ఉండేవాడు, వీడియోలో ఆయన వెనక ఎప్పుడూ ఒక తెల్లటి గోడ, ఒక తులసి కుండీ. గుజరాతీ కలిసిన హిందీలో మాట్లాడేవాడు. మంచివాడే కానీ తొందర మనిషి. ఆయన నేర్పిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటి: ల్యాబు రోజూ వాడే అసలు డేటా మీద చేయి వేసేముందు, నిన్నటి బ్యాకప్‌తో ఒక నకలు తయారుచేసి, ముందు దాని మీద అదే పని చేసి చూడాలి. దీని గురించి చెబితే బాపుకు వింతేమీ అనిపించలేదు. కొత్త డిజైన్ ఎక్కించిన రోజు ముందు మూరెడు నేసి, సేఠ్‌కు చూపించి, ఆ తర్వాతే సాంచె నడిపిస్తామన్నాడు.

మా కార్ఖానా వాళ్ళు శాంపిళ్ళిచ్చే ల్యాబు మా కంపెనీ సాఫ్ట్‌వేరే వాడేది. అంటే పొద్దున నేను కాపలా కాసే గోదాంలోనే, సాయంత్రం మా గ్యాలరీ కింద నిలబడే మనుషులు కూడా ఉన్నారు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. కాల్స్‌లో నేనెప్పుడూ మైక్ మూసుకునే ఉండేదాన్ని. తెరిస్తే సాంచెల మోత. అడిగినదానికి చాట్‌లో టైపు చేసేదాన్ని. భాయ్ కూడా దానికి అలవాటు పడి, మీటింగ్ చివర "బెన్ ఏం రాసిందో చూడండి" అనేవాడు. బెన్ అంటే గుజరాతీలో చెల్లెలు, ఆఫీసులో ఆడవాళ్ళను అలాగే పిలిచేవాళ్ళు.

వేవ్ ముదిరాక ల్యాబులో ఒక ఇబ్బంది మొదలైంది. ఒకే మనిషి రెండు మూడుసార్లు వేర్వేరు పేషెంట్లుగా నమోదవుతున్నాడు. ముఖ్యంగా వరాఛాలో, వజ్రాలు సానబట్టే కార్ఖానాల దగ్గర పెట్టిన శిబిరంలో ఒకసారి, ల్యాబు కౌంటర్లో ఒకసారి. ఒకచోట తండ్రి పేరుతో రాస్తే, ఇంకోచోట ఇంటిపేరుతో, మరోచోట పేరు చివర భాయ్ అని తగిలించి. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉండగా ఏది పాత రిపోర్టో ఏది కొత్తదో తేలేది కాదు. ల్యాబు మేనేజర్ రోజూ ఫోన్లో గొడవపెట్టేవాడు. భాయ్ వరాఛా డేటా అంతా ముందేసుకుని ఒక స్క్రిప్ట్, అంటే కంప్యూటర్ వరుసగా చేయాల్సిన పనుల జాబితా, రాశాడు. మొబైల్ నంబరు, పేరులో మొదటి మాట, అడ్రసు, ఈ మూడూ ఒకటైతే ఒకే మనిషి. డేటాలో ఆ మనిషి మీదున్న వరుసలన్నీ ఒకటిగా కలిపేయాలి. వరాఛా డేటా మీద ఆయనే చేసి చూశాడు, చక్కగా పనిచేసింది.

దాన్ని అసలు డేటా మీద నడిపే పని నాకిచ్చాడు. అప్పటిదాకా నేను నకళ్ళ మీదే పనిచేశాను. అసలుదాని మీద నా చేయి పడటం అదే మొదటిసారి. అమ్మతో చెప్పాను, బాపుతో చెప్పాను. ఆ రోజు పొద్దున తలస్నానం చేసి, మంచి చుడీదార్ వేసుకుని చీరల మూట ముందు కూర్చున్నాను. కెమెరా ఎలాగూ ఆన్ చేయను. అయినా.

మధ్యాహ్నం కౌంటర్లు మూసి, మళ్ళీ తెరిచేలోపు పని ముగియాలి. భాయ్ వరాఛా వరకే చూశాడు కాబట్టి, పద్ధతి ప్రకారం నేను పొద్దున మొత్తం డేటాకు నకలు తయారుచేసి, దాని మీద స్క్రిప్ట్ నడిపాను. తప్పేమీ రాలేదు. ఆఖరున కలిసిపోయిన వరుసల సంఖ్య చూపించింది. నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ. వరాఛా సంగతి వేరే, లింబాయత్ వైపు ఎందుకింత మంది కలిశారో అర్థం కాలేదు.

ఇతరుల రికార్డులు పనికి అవసరమైతే తప్ప తెరవకూడదు, అది నియమం. అందుకని నాకు తెలిసిన ఒకే ఒక్క రికార్డు తెరిచాను. బాపుది.

బాపు వయసు ఇరవై ఎనిమిది అని ఉంది.

నవ్వొచ్చింది. అమ్మకు చెబుదామని తలెత్తాను కూడా. అంతలోనే ఆ వయసు ఎవరిదో తట్టింది. కార్ఖానాలో దారం చుట్టే బాబిన్లు చూసుకునే ఒక అన్న ఉన్నాడు, మా ఇంటిపేరు వాడే. కిందికి జరిపి చూశాను. బాపు వరుసలో బాపు శాంపిల్‌తో పాటు ఆ అన్న శాంపిల్ ఉంది, చిన్నబాపు శాంపిల్ ఉంది, అదే ఇంటిపేరున్న ఇంకొకరిది కూడా ఉంది. వాళ్ళ వరుసలు మాయమై, అందరూ బాపులో కలిసిపోయారు.

ఎలా జరిగిందో విప్పి చూసుకుంటే అంతా తేటగా ఉంది. వరాఛాలో మనిషి కౌంటర్ దగ్గర తన పేరు ముందు చెబుతాడు. మా వాళ్ళు ఇంటిపేరు ముందు చెబుతారు. ఒకే ఊరి నుంచి, ఒకే కుటుంబాల నుంచి వచ్చి ఒకే కార్ఖానాలో చేరినవాళ్ళు. మొదటి మాట అందరిదీ ఒకటే. అడ్రసు ఏమని చెబుతారు? కార్ఖానాదే చెబుతారు, పై గదులకు వేరే నంబరేమీ లేదు. ఇక ఫోను నంబరు బాపుది. వాళ్ళంతా ఒకే మనిషిగా కనబడటానికి మూడో కారణం నేనే.

ఆ రోజే ఎందుకంత భయం వేసిందంటే, బాపు వాళ్ళు శాంపిళ్ళిచ్చింది ముందు రోజే. ఫలితాలు ఆ సాయంత్రం రావాలి. ఒకే మనిషికి ఒకే రోజు ఒకటికంటే ఎక్కువ శాంపిళ్ళుంటే చివరి రిపోర్టు ఒక్కటే పంపాలన్నది ల్యాబు పెట్టుకున్న పద్ధతి. ఈ నలుగురికీ ఒకే రిపోర్టు వస్తుంది. అది నెగెటివ్ అయితే నలుగురూ పాసే. చిన్నబాపు రెండు రోజులుగా దగ్గుతున్నాడు. దారపు దుమ్మేనని కొట్టిపారేస్తున్నాడు. పాస్ అని నేను చదివితే అతను తన గదికి పోయి అందరి మధ్య పడుకుంటాడు, పొద్దున బాపు పక్కన సాంచెల మీద నిలబడతాడు. బాపుకు ఊపిరితిత్తులు ముందే అంతంతమాత్రం. పైగా ఆ తప్పు రిపోర్టును గ్యాలరీలోంచి వంగి చదివి చెప్పేది నేను.

ఇవన్నీ తేలేసరికి కాల్ మొదలైంది. భాయ్ ఉన్నాడు, ల్యాబు మేనేజర్ ఉన్నాడు. నా స్క్రీన్ వాళ్ళకు కనబడుతోంది. మేనేజర్ కౌంటర్లు మూసేశామన్నాడు. భాయ్, "చలో బెన్, మొదలుపెట్టు" అన్నాడు.

నేను చాట్‌లో టైపు చేశాను: ఒక్క నిమిషం ఆగండి, ఇందులో పొరపాటుంది. ఎవరూ చూడలేదు. వాళ్ళు నా స్క్రీన్ మీద స్క్రిప్ట్ కదలడం కోసం చూస్తున్నారు. మళ్ళీ టైపు చేశాను. "బెన్, నెట్ పోయిందా?" అన్నాడు భాయ్. తన దగ్గర నుంచి తనే నడిపేస్తానన్నాడు.

అప్పుడు మైక్ తెరిచాను.

ముందు నా మాట కాదు, సాంచెల మోత చేరింది వాళ్ళకు. మేనేజర్ ఉలిక్కిపడి, "ఏమిటా చప్పుడు?" అన్నాడు.

"సాంచెలు సర్. మా ఇంటి వెనకే కార్ఖానా. మా బాపు అందులోనే పనిచేస్తాడు" అన్నాను. ఎవరూ అడగని సంగతి కూడా చెప్పేశాను. నోరు తెరిచాక ఇక ఆపడం రాలేదు. స్క్రిప్ట్ నడపొద్దని, లింబాయత్‌లో వేర్వేరు మనుషులు ఒకటైపోతున్నారని చెప్పాను.

మేనేజర్ విసుక్కున్నాడు. మొబైల్ ఒకటే, పేరు ఒకటే, అడ్రసు ఒకటే, ఇంకేం కావాలన్నాడు.

"అది పేరు కాదు సర్, ఇంటిపేరు. మా వాళ్ళు ముందు ఇంటిపేరు చెప్తారు. అడ్రసు కార్ఖానాది."

"మరి మొబైల్?"

"మా బాపుది."

భాయ్ నెమ్మదిగా అడిగాడు, అంతమంది నీ తండ్రి నంబరు ఎందుకిచ్చారని. ఇంగ్లీషు రిపోర్టులు నేను చదివి చెబుతానని ఇచ్చారన్నాను.

భాయ్ నవ్వాడు. "అంటే ఈ సిస్టమ్‌లో తప్పు నా స్క్రిప్ట్ కాదు బెన్, నువ్వు" అన్నాడు.

మామూలు రోజైతే ఆ మాటకు నేను ముడుచుకుపోయేదాన్ని. ఆ రోజు, "అవును సర్. కానీ వాళ్ళు నలుగురు" అన్నాను.

మేనేజర్ తగ్గలేదు. కౌంటర్లు మూయించి కూర్చున్నానని, వరాఛాలో రేపు పొద్దున మళ్ళీ అదే గొడవవుతుందని, ఒక గల్లీ కోసం అంతా ఆపలేనని అన్నాడు. అతని కష్టం అబద్ధం కాదు. అతని కౌంటర్ల ముందు నిలబడిన జనం కూడా మనుషులే. భాయ్ నన్ను, "ఆపమంటున్నావు సరే. ఏం చేద్దామంటావు?" అని సూటిగా అడిగాడు. ఎవరైనా నన్ను ఒక కాల్‌లో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

నాకు అప్పటికప్పుడు తోచింది చెప్పాను. మొదటి మాట ఒక్కటే చూడొద్దు, పేరులోని మాటలన్నీ చూడాలి, అవి ఏ వరుసలో ఉన్నా సరే. పేరు చివర తగిలించే భాయ్ అన్న తోకను లెక్కలోకి తీసుకోవద్దు. వయసు కూడా దగ్గరగా ఉంటేనే కలపాలి. అనుమానం వస్తే కలపకుండా పక్కన పెట్టాలి, కౌంటర్ వాళ్ళు ఫోన్ చేసి తేల్చుకుంటారు. ఇలా చేస్తే వరాఛాలో కలవాల్సినవాళ్ళలో కొందరు మిగిలిపోతారు. మిగిలిపోయిన వాళ్ళను రేపు కలపొచ్చు. తప్పుగా కలిపేసిన వాళ్ళను విడదీయడం చాలా కష్టం.

భాయ్ స్క్రిప్ట్ మార్చడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, మా వాళ్ళు తండ్రి పేరు కూడా చెబుతారా, ముందా వెనకా అని అడిగాడు. చెప్పాను. ఆయన రాస్తుంటే నేను రాత్రి బ్యాకప్‌తో నకలు మళ్ళీ తాజాగా తయారుచేశాను. అమ్మ కత్తెర పక్కన పెట్టేసి నా ముఖమే చూస్తోంది. ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. నేను ఇంత గట్టిగా హిందీ మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదంతే.

కొత్త స్క్రిప్ట్‌ను నకలు మీద నడిపి బాపు రికార్డు తెరిచాను. బాపు వయసు బాపుకు తిరిగొచ్చింది. చిన్నబాపు వేరే వరుసలో, తన శాంపిల్‌తో తను ఉన్నాడు.

"ఇప్పుడు అసలుదాని మీద. నువ్వే" అన్నాడు భాయ్.

మా పనిలో ఒక సౌకర్యం ఉంది. ఎంత మార్చినా, కమిట్ అని కొట్టేదాకా వెనక్కి తీసుకోవచ్చు. కొట్టాక అది అందరికీ నిజమైపోతుంది. నేను స్క్రిప్ట్ నడిపి, మారినవి కొన్ని ల్యాబు మేనేజర్‌కు చదివి వినిపించి, అతను సరే అన్నాక కొట్టాను. మేనేజర్ పొడిగా థాంక్స్ చెప్పి కౌంటర్లు తెరవడానికి వెళ్ళిపోయాడు. భాయ్ ఆఖరున, "బెన్, ఆ సాంచెల చప్పుడు అంత చెడ్డగా ఏం లేదు. ఇకనుంచి మైక్ తెరిచే ఉంచు" అన్నాడు.

సాయంత్రం గ్యాలరీ కింద అందరూ వచ్చి నిలబడ్డారు. బాపు ఫోను నా చేతిలో ఉంది. మెసేజీలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది. ఎప్పుడూ అవి రాగానే చదివేసేదాన్ని. ఆ రోజు మాత్రం ఒక్కొక్కటి వచ్చిన చప్పుడు వినాలనిపించింది. బాపుది నెగెటివ్. బాబిన్ల అన్నది నెగెటివ్. ఇంకొకరిది నెగెటివ్. చిన్నబాపుది చివర వచ్చింది.

ఆయన అప్పటికే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "నేను పాసా బిడ్డా?"

"పాజిటివ్ వచ్చింది చిన్నబాపు" అన్నాను. ఆ రోజు నా గొంతు కింది దాకా వినబడింది.

ఆయన నవ్వలేదు. ఎవరూ చెప్పకముందే తనే నాలుగడుగులు వెనక్కి వేసి, గోడకు ఆనుకున్నాడు. దగ్గరికి రాబోయిన బాపును చేయెత్తి ఆపాడు. "జర దూరం జరుగుండ్రి అందరు. అన్నా, నువ్వు సుత" అన్నాడు. తర్వాత పైకి చూసి, "మంచిగ సూసినవా బిడ్డా? నాదేనా?" అని అడిగాడు.

"నీదే. మంచిగ సూసిన" అన్నాను. సూరత్‌లో ఆ క్షణాన ఆ మాట అంత నమ్మకంగా చెప్పగలిగినవాళ్ళు నాలా ఇంకెవరైనా ఉన్నారా అనుకున్నాను. ఆయన అక్కడ ఒంటరిగా నిలబడి ఉండగా అలా గర్వపడటం బాగుండదని తెలుసు. అయినా పడ్డాను. డైరీలో కూడా అలాగే రాశాను.

మా వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకునే హాల్లో అప్పుడు మంచాలు వేసి, ఇద్దరు నర్సులను పెట్టి, పాజిటివ్ వచ్చినవాళ్ళను ఉంచేవాళ్ళు. చిన్నబాపు బట్టలు ఒక సంచిలో సర్దుకుని ఆ సాయంత్రమే అక్కడికి పోయాడు. అమ్మ రోజూ జొన్నరొట్టెలు, కూర కట్టి పంపేది. మధ్యలో ఒకరోజు ఊపిరి ఆడట్లేదని ఆక్సిజన్ పెట్టారు. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. తర్వాత మెల్లగా తేరుకున్నాడు. గదిలో అతనితో ఉన్నవాళ్ళకు మళ్ళీ పరీక్షలు చేస్తే ఒకరికే వచ్చింది, అదీ తేలికగా పోయింది. బాపుకు రాలేదు.

భాయ్ ఆ వారంలోనే ఆ స్క్రిప్ట్‌కు ముందు ఒక వివరణ రాయమన్నాడు. తర్వాత దాన్ని చూసేవాళ్ళకు ఎందుకిలా రాశామో తెలియాలట. ఇంగ్లీషులో రాసి పంపాను: కొందరు ఇంటిపేరు ముందు చెబుతారు, కొందరు పనిచేసే చోటును అడ్రసుగా ఇస్తారు, ఒకే ఫోనును చాలామంది వాడుతారు, ఫోను ఒకటైనంత మాత్రాన మనిషి ఒకటి కాదు. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా కింద నా పేరు పెట్టాడు. ఆ నెల నుంచి ల్యాబు డేటా కాపలా పూర్తిగా నాకే అప్పగించాడు. మేనేజర్ ఏదైనా కావాలంటే భాయ్‌కి కాకుండా నాకే ఫోన్ చేసేవాడు. మొదట్లో, "మేడమ్, సాంచెలు నడుస్తున్నాయా?" అని అడిగేవాడు. వెటకారమనుకున్నాను. కొన్నాళ్ళకు అది అతని నమస్కారమని అర్థమైంది.

జరిగినదంతా బాపుకు నేను వివరంగా చెప్పలేదు. అమ్మ తనకు అర్థమైనట్టు చెప్పింది: కంప్యూటర్‌ల అందరిని కలిపి ఒకటే మనిషిని జేస్తుంటె, బిడ్డ లొల్లి వెట్టి ఆపిందని. చిన్నబాపు హాల్ నుంచి తిరిగొచ్చాక కార్ఖానా ముందు టీ తాగుతూ బాపు ఈ కథ చెప్పడం నేను గ్యాలరీ నుంచి విన్నాను. "రెండు పోగులు ఒక్క సందులకెల్లి పోతె బట్ట మీద గీత వడ్తది సూడు, గట్ల. మన బిడ్డ పనేందంటే, ఎవల పోగు వాళ్ళదే ఉన్నదా అని సూసుడు" అన్నాడు. గోదాం మాట ఆ తర్వాత ఎప్పుడూ వాడలేదు.

చిన్నబాపు ఊరుకునే రకం కాదు. "అయితే నేను జరసేపు నీల కలిసిపోయిన్నన్నట్టు. గందుకే నాకు ఉత్తగనె కోపమొస్తుండె ఆ దినం" అని బాపును ఏడిపించాడు. బాపు టీ గ్లాసు పట్టుకునే నవ్వాడు. చాలా రోజుల తర్వాత వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం చూశాను.

వానాకాలంలో టీకాలు మొదలయ్యాయి మా వైపు. చిన్నబాపు అప్పటికి కొత్త ఫోను కొనుక్కున్నాడు, పెద్ద స్క్రీన్‌ది. ఊళ్ళో పిల్లలతో వీడియోలో మాట్లాడేవాడు, అందరికీ తీసి చూపించేవాడు. టీకా వేయించుకుని వచ్చిన సాయంత్రం భుజం పట్టుకుని గ్యాలరీ కింద నిలబడ్డాడు. అంతలో లోపల బాపు ఫోను మోగింది. తీసి చూస్తే చిన్నబాపు పేరు మీద మెసేజ్.

"మల్ల బాపు నంబరే ఇచ్చినవా? నీకు కొత్త ఫోనున్నది గదా" అని పై నుంచి అడిగాను.

"ఫోనున్నది. సదివెటోళ్ళు ఏడున్నరు అండ్ల?" అన్నాడు. చేతులు కట్టుకున్నాడు. "సెప్పు. పాసా?"

గల్లీలో ఎవరెవరో ఆగి పైకి చూస్తున్నారు. నేను వంగి, ఆ మెసేజ్ మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ఇంటిపేరుతో సహా ఆయన పేరంతా, సాంచెల మోతను మించి చదివాను.